దాగలి చుట్టూ కట్టిన గది

ఏప్రిల్ పదకొండు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం మేం తిన్నది ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్ళు. గుడ్లు ఆర్కిటెక్టు అమ్మాయి తన స్టీలు డబ్బాలో తెచ్చింది, ఉప్పు విడిగా కాగితంలో పొట్లం కట్టి. అరటిపళ్ళు నావి. తారీఖు ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, గుడ్డు పెంకు ఒలిచిన చేతిని రుమాలుకి తుడుచుకుని, వెంటనే ఒక ఫారం కింద సంతకం చేసి పక్కన ఆ తారీఖు వేశాను. చెయ్యి సరిగా తుడుచుకోలేదు కాబోలు, సంతకం పక్కన జిడ్డు మరక పడింది.

మా మ్యూజియం అప్పట్లో ఊరి చివర పాత విత్తనాల గోడౌనులో ఉండేది. పేరుకే మ్యూజియం. ఊళ్ళో అందరూ సామాన్ల కొట్టు అనేవాళ్ళు. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ చుట్టుపక్కల పశువుల డాక్టరుగా పనిచేశాను. ఇళ్ళలోంచి ఎద్దులు వెళ్ళిపోవడం నా కళ్ళ ముందే జరిగింది. అవి పోయాక కాడీ నాగలీ బండిచక్రాలూ ఇళ్ళలో కాళ్ళకు అడ్డం పడసాగాయి. ఒకరింట్లో నున్నటి కాడిని పొయ్యిలోకి తోస్తుంటే చూసి మా ఆవిడ ఉండబట్టలేక, "పొయ్యిలోకి వేరే కట్టెలే దొరకలేదా? ఇలా ఇవ్వండి" అని లాక్కొచ్చింది. అదే మొదటి వస్తువు. తర్వాత ఊరే తెచ్చి ఇచ్చింది. ఆ గోడౌను తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది.

మా కొట్టుకి ఒక పద్ధతి ఉండేది. వస్తువు ఇచ్చినంత మాత్రాన వదులుకున్నట్టు కాదు. పనిపడితే వచ్చి తీసుకెళ్ళొచ్చు. ఎవరింట్లోనైనా పెళ్ళంటే పెద్ద రాగి కాగు వెళ్ళేది. గోడలకు సున్నం వేయాలంటే పొడుగు నిచ్చెన వెళ్ళేది. పని అయ్యాక కడిగి, తుడిచి మళ్ళీ తెచ్చిపెట్టాలి, అంతే. ఖాళీ అయిన చోట బోసిగా ఉండకూడదని మా ఆవిడ అట్టముక్కల మీద రాసి పెట్టింది: 'ఇంటికెళ్ళింది. వస్తుంది.' ఆవిడ పోయి నాలుగేళ్ళయినా ఆ అట్టముక్కలే వాడేవాళ్ళం. చూడ్డానికి వచ్చిన ఒకాయన, "సగం మ్యూజియం ఊళ్ళోనే తిరుగుతోందే!" అని నవ్వాడు. నిజమే మరి.

అందరికంటే కచ్చితంగా వచ్చి తీసుకెళ్ళేవాడు కమ్మరి బావ.

ఆయన నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా ఆవిడ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది కనుక నాకు బావ అయ్యాడు. అంతకుముందే మేం జంటగా పనిచేసినవాళ్ళం. ఎద్దుకి నాడాలు కొట్టేటప్పుడు నేను కాలు పట్టుకునేవాణ్ణి, ఆయన మేకు దించేవాడు. ఎద్దు తన్నితే ఇద్దరికీ కలిపే తగిలేది. కొలిమి మూతపడ్డాక తన దాగలినీ, నిప్పుకి గాలి కొట్టే తిత్తినీ తెచ్చి మా కొట్లో పెట్టాడు. దాగలి అంటే ఇద్దరు మనుషులు ఆయాసపడి ఎత్తాల్సిన ఇనుపదిమ్మ. ఎర్రగా కాలిన ఇనుముని దానిమీదే పెట్టి కొడతారు. ఆయన తాత నాటిది. మధ్యలో అరచేయంత పల్లం పడి ఉంటుంది.

ఏటా కోతలకి ముందు పన్నెండు రోజులు ఆ దాగలి ఇంటికెళ్ళేది. బావ తోపుడుబండి మీద వేసుకుని, ముందు తాను లాగుతూ, వెనక ఎవరో ఒకరు తోస్తూ. ఊళ్ళో ఉన్న కొడవళ్ళన్నీ ఆయన వాకిట్లోకి చేరేవి. ఆ పన్నెండు రోజులూ ఆయన వీపు నిటారుగా ఉండేది. కోడలు పిలిచినా అన్నానికి లేచేవాడు కాదు. మిగిలిన ఏడాదంతా ఆ రోజుల గురించే మాట్లాడేవాడు. కొన్ని నెలలు అయిపోయిన వాటి గురించి, కొన్ని నెలలు రాబోయే వాటి గురించి.

ఇక ఆ ఫారం. ఊళ్ళలోని మ్యూజియాలని బాగుచేసే ఒక ట్రస్టు మాకు కొత్త భవనం కట్టిస్తామంది. మాకు అవసరమే. గోడౌను పైకప్పు రేకులు తుప్పుపట్టి వాన మొత్తం లోపలే కురిసేది. మూలలు చెదలు తినేశాయి. ఆర్కిటెక్టు అమ్మాయిని పంపారు. సన్నగా, ఎండకి కమిలిన ముక్కుతో, చేతిలో ఎప్పుడూ ఒక టేపు పట్టుకుని ఉండేది. సిమెంటు దాదాపు లేకుండా ఇక్కడి మట్టితో, సున్నంతో, పడగొట్టిన ఇళ్ళ పాత పెంకులతో కడతానంది. ఎండాకాలం ఫ్యాను అక్కర్లేకుండా చేస్తానంటే ఎవరూ నమ్మలేదు.

దానికి ముందు వస్తువుల జాబితా కావాలంది. ఒక్కో వస్తువుకీ ఒక్కో గడి, పక్కన 'యజమాని' అని ఇంకో గడి.

నేను అక్కడ ఆగాను. ఎందుకంటే మేం ఒకప్పుడు పేర్లు రాసిన చీటీలు తగిలించి చూశాం. తాతగారి త్రాసు మీద ఎవరి పేరు ముందుండాలని ఇద్దరన్నదమ్ములు కొట్టుకుని, త్రాసు తక్కెడతోనే ఒకడి తల ఒకడు పగలగొట్టుకున్నారు. ఆ రాత్రే చీటీలన్నీ పీకేశాం.

బావ గుమ్మంలో కూర్చుని గుడ్డు ఒలుస్తున్నాడు.

"నా దాగలి పక్కన ఏం రాస్తున్నావు బావా?"

"నీ పేరు రాయనా?"

"రాయి. రాశాక నాగలి ఇచ్చినాయన తన పేరు పెద్దక్షరాల్లో ఉండాలంటాడు. రోలు ఇచ్చినావిడ అత్తగారి పేరు కొట్టేసి తన పేరు రాయమంటుంది. సాయంత్రానికి నీ తలకి నువ్వే కట్టు కట్టుకోవాలి. పశువుల మందు మనిషికి పనికొస్తుందేమో ముందే చూసుకో."

అమ్మాయి పకపకా నవ్వింది. గుడ్డు గొంతుకి అడ్డం పడితే నీళ్ళిచ్చాను.

"మరేం రాయమంటావు?"

"ఊరిదని రాసెయ్. అన్నిటికీ అదే రాయి. నా దాగలి నాదని నాకు తెలీదా? ఊరికి తెలీదా?"

మొత్తం రెండు వందల పద్నాలుగు వస్తువులు. రెండు వందల పద్నాలుగు సార్లు 'ఊరు' అని రాశాను. చివరి పేజీలో ఒక వాక్యం ఉంది: యజమాని తరఫున ఈ వస్తువులు ట్రస్టు సంరక్షణలో ఉంటాయి, ఆవరణ దాటి బయటికి వెళ్ళవు. చదవలేదని చెప్పుకునే వీలు నాకు లేదు. చదువుకున్నవాణ్ణి, చదివాను. యజమాని ఊరు, ఆవరణ ఊళ్ళోనే ఉంది, ఇక భయమేముంది అనుకున్నాను. సంతకం పెట్టాను.

ఆ అమ్మాయి మనసు పెట్టి పనిచేసింది. ఒక్కో వస్తువునీ చేతిలోకి తీసుకుని, దీన్ని ఎలా పట్టుకునేవారు, ఎక్కడ నిలబడేవారు అని అడిగేది. కొలిమికి విడిగా ఒక గది అనుకుంది. బావని నిలబెట్టి నడుం ఎత్తు కొలిచింది, చెయ్యి చాపితే ఎంత దూరం వస్తుందో కొలిచింది, సుత్తి పైకెత్తినప్పుడు మోచెయ్యి ఎక్కడికి వస్తుందో గోడౌను గోడ మీద గీత గీసింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

"దర్జీలు కూడా నాకిన్ని కొలతలు తియ్యలేదమ్మా."

"గది మీకు సరిపోవాలి కదా తాతగారూ. ఇది మీ గది."

"పొగ ఎటు పోతుంది?"

అమ్మాయి నక్షాలో గోడ పైభాగాన వదలబోయే కంతల వరస చూపించింది. "గాలి ఇటునుంచి వచ్చి అటు పోతుంది తాతగారూ. గదిలో ఏదీ నిలవదు."

బావ తలాడించాడు. ఇంటికి వెళ్తూ దారిలో నాతో, "ఇక తోపుడుబండి అక్కర్లేదు బావా. అక్కడే పని. నువ్వు కుర్చీ వేసుకుని కూర్చుని చూడొచ్చు" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఆ అమ్మాయి ఏమనుకుందో అడగాలని ఇద్దరికీ తోచలేదు. మేం ఏమనుకున్నామో ఆమె అడగలేదు. ముగ్గురం ఒకే గది గురించి మాట్లాడుకుంటున్నామనే అనుకున్నాం.

గోడలు లేస్తుంటే ఊరంతా వచ్చి చూసేది. రెండు చెక్కల మధ్య తడిమట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, చెక్కలు తీస్తే గోడ నిలబడేది. వరసవరసకీ మట్టి రంగు కొంచెం మారి, నిలువునా కోసిన చెరువుగట్టులా ఉండేది. మేస్త్రికి నోరు ఎక్కువ. "మా ముత్తాతలు ఇలాగే కడితే మట్టికొంప అన్నారు. ఈ అమ్మాయి కడితే ఫొటోలు తీసుకుంటున్నారు" అనేవాడు. పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు.

గోడల పని అయ్యి పైకప్పు పడుతున్నప్పుడు నేను కంటి ఆపరేషనుకి పట్నం వెళ్ళాను. శుక్లం. అక్కడ మా అబ్బాయి ఇంట్లో దిగాను. మూడు రోజుల్లో వచ్చేద్దామనుకుంటే మా కోడలు ఒప్పుకోలేదు. "మట్టి పనిలోకి ఆ కన్నేసుకుని వెళ్తారా మావయ్యా? నేను బతికుండగా జరగదు" అని తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పదకొండు రోజులున్నాను. రోజుకి నాలుగు సార్లు చుక్కలు వేసేది, వేసిన ప్రతిసారీ కొంగుతో నా చెంప తుడిచేది. కూతుళ్ళు లేని వాణ్ణి, ఆ పదకొండు రోజులూ ఉన్నట్టే గడిచాయి.

తిరిగొచ్చి కొత్త కంటితో కొలిమి గది చూశాను. అంత అందమైన గది మా ఊళ్ళో ఎన్నడూ లేదు. పైనుంచి వెలుగు వచ్చి సరిగ్గా దాగలి మీద పడుతోంది. తిత్తి గోడకి, దాని చోట. పైకప్పుకి లోపలివైపు సన్నటి వెదురు తడికలు. నేల సున్నపు గచ్చు, పాలమీగడలా ఉంది. దాగలిని ఆ గచ్చులోనే పాతారు.

"ఎంత లోతు?" అన్నాను.

"మూరెడు" అన్నాడు మేస్త్రి. "మీ బావగారే చెప్పారు. కదలకూడదంటే మూరెడు దిగాలన్నారు. తానే రసమట్టం పట్టుకుని మట్టం చూసుకున్నారు. గచ్చు ఆరేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు."

భవనం తెరిచారు. నిజంగానే ఫ్యాను అక్కర్లేదు. ట్రస్టు ఒకావిడని జీతానికి పెట్టింది. యాభైకి దగ్గర్లో ఉంటుంది, మోకాళ్ళ నొప్పి, మెత్తటి మాట. నడుముకి తాళాల గుత్తి వేలాడేది కనుక బావ ఆమెకి తాళాలమ్మ అని పేరు పెట్టాడు. ఆమె విని నవ్వేసి ఊరుకుంది. నా తాళంచెవి ఆమెకి ఇచ్చేశాను. ప్రతి వస్తువుకీ నంబరు వచ్చింది.

కోతలు ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయనగా ఒక పొద్దున బావ బొగ్గుల బస్తా తోపుడుబండి మీద వేసుకుని మ్యూజియానికి వచ్చాడు. వెనక నలుగురు ఆడవాళ్ళు, చంకల్లో కొడవళ్ళ కట్టలు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేను కుర్చీ తెచ్చుకున్నాను.

తాళాలమ్మ బస్తా చూసి, "ఇదేంటండీ?" అంది.

"బొగ్గులమ్మా. కొలిమికి."

"నిప్పు పెడతారా? ఇక్కడా?" ఆమె పైన వెదురు తడికలకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది.

"పిడికెడు బొగ్గులే. కొంపలంటించడానికి కాదు."

"పిడికెడైనా నిప్పే కదండీ. నేను ఒప్పుకుంటే నా ఉద్యోగం ఉంటుందా?"

"సరే తల్లీ, నీ ఉద్యోగం ఎందుకు పాడవాలి? ఎప్పటిలా ఇంటికే తీసుకెళ్తాను, ఒక చెయ్యి వెయ్యండర్రా" అంటూ దాగలి వైపు రెండడుగులు వేశాడు. అక్కడ ఆగిపోయాడు. గచ్చుకేసి చూస్తూ ఉండిపోయాడు. తన చేత్తో తాను మట్టం చూసిన గచ్చు.

కొడవళ్ళు తెచ్చినవాళ్ళలో ఒకావిడ, "మరి ఆ రోజు మూరెడు లోతు ఎందుకు పాతించావయ్యా?" అంది.

"కదిలితే పని సాగదు కదమ్మా" అన్నాడు బావ మెల్లిగా.

ట్రస్టులో పెద్దాయనకి ఫోను చేశాను. మర్యాదస్తుడు. నేను చెప్పిందంతా విన్నాడు, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"డాక్టరుగారూ, నాకు అర్థమైంది. కానీ మీ సంతకం ఉన్న కాగితం నా ముందే ఉంది. వస్తువు బయటికి వెళ్ళకూడదు, లోపల నిప్పు పెట్టకూడదు. ఇవి మేం ఒక్కచోట సడలిస్తే అన్నిచోట్లా సడలించాలి."

"అది ఆయనదండీ. ఆయన తాతగారిది."

"అలా రాయలేదు కదండీ మీరు."

"ఊరిదని రాశాను కదా. ఊరంతా వచ్చి ఇచ్చెయ్యమంటే?" అన్నాను.

"ఊరంతా సంతకాలు పెట్టి పంపండి. కమిటీ ముందు పెడతాను. కమిటీ మళ్ళీ నాలుగు నెలలకి కూర్చుంటుంది."

ఒక్క రోజులో ఊరంతా సంతకాలు పెట్టింది. త్రాసు అన్నదమ్ములు కూడా, ఒకరి పేరు కింద ఇంకొకరు. అది చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఆపరేషను కన్ను కూడా పనిచేస్తోందని తెలిసింది. కాగితం పంపాను. కోతలు నాలుగు నెలలు ఆగవని అందరికీ తెలుసు.

మూడో రోజు ఆర్కిటెక్టు అమ్మాయి వచ్చింది. ఎవరూ పిలవలేదు. విషయం తెలిసి బస్సు పట్టుకుని వచ్చేసింది. మేస్త్రిని వెంటబెట్టుకుని కొలిమి గదిలోకి వెళ్ళింది. ఎవరూ ఒప్పుకోకపోయినా తానే పూచీ పడి దాగలిని పైకి తీయించేస్తానంది.

మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని ఉలి తిరగేసి గచ్చుని అక్కడక్కడ తట్టి విన్నాడు. గోడ అడుగుదాకా తడుతూ వెళ్ళాడు.

"కుదరదమ్మా. గచ్చుని గోడ అడుగుతో కలిపేసి పోశాం, నువ్వే పోయమన్నావు, చెమ్మ ఎక్కకూడదని. ఇక్కడ ఉలి దిగితే అక్కడ గోడ చిట్లుతుంది. గోడ మీద ఊళ్ళో పాతిక ఇళ్ళ పెంకులున్నాయి. ఎవడి నెత్తిన పడతాయో నేను చెప్పలేను." లేచి చేతులు దులుపుకుని, "గట్టిగా కట్టలేదని జీవితమంతా తిట్లు తిన్నాను. ఈసారి గట్టిగా కట్టాను, అయినా తిట్లే రాసిపెట్టి ఉన్నాయి" అన్నాడు. అతని ముఖంలో వేళాకోళం లేదు.

అమ్మాయి దాగలి పక్కన గచ్చు మీద కూలబడింది. "అన్నీ కొలిచాను అంకుల్. మోచెయ్యి కూడా కొలిచాను. ఇంకా పనిచేస్తారా అని ఒక్క మాట అడగలేదు" అంటూ ఏడ్చేసింది.

"నేను మాత్రం చెప్పానా?" అన్నాను.

బావే ఆమె పక్కన చతికిలబడ్డాడు. "ఊరుకో తల్లీ. నా దాగలిని ఇంత మర్యాదగా ఎవరూ కూర్చోబెట్టలేదు. మా అయ్య దీనిమీద బీడీ కూడా ఆర్పేవాడు." తర్వాత భుజం మీది తువ్వాలు ఇచ్చాడు, ముక్కు తుడుచుకోమని. మధ్యాహ్నం మా ఇంట్లో తినిపించి బస్సెక్కించాను. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి ఏదో చెబుతూనే ఉంది, నాకు వినబడలేదు.

బావ కొడుకు లారీ నడుపుతాడు. ఎక్కడినుంచో రైలుపట్టా ముక్క ఒకటి తెచ్చి వాకిట్లో మొద్దుకి బిగించాడు. తిత్తి కూడా మ్యూజియంలోనే నంబరు వేసుకుని ఉంది కనుక గాలికి చేత్తో తిప్పే ఫ్యాను ఒకటి తెచ్చాడు. కొలిమి రాజింది. ఊరు కొడవళ్ళు తెచ్చింది. నేను కుర్చీ అక్కడికే తీసుకెళ్ళాను.

మొదటి దెబ్బకే తేడా తెలిసింది. దాగలి మీద సుత్తి పడితే ఒక్క మాటే వినబడేది, బరువుగా. పట్టా మీద గణగణమని మోగుతోంది, సుత్తి ఎగిరి వెనక్కి వస్తోంది. దెబ్బ ఇనుములోకి పోకుండా ఆయన భుజంలోకి పోతోంది. రెండు రోజులు అలాగే కొట్టాడు. రాత్రి కోడలు భుజానికి కాపడం పెట్టిందట. మూడో రోజు ఒక కొడవలిని నీళ్ళలో ముంచగానే చిట్లి రెండు ముక్కలైంది.

పక్కింటావిడది. ఆమె చప్పున, "పాతదే అన్నయ్యా, ఎలాగూ విరిగేదే. నేనే పారేద్దామనుకున్నాను" అంది. అది నిరుడు ఆయనే చేసిచ్చిన కొడవలి. ఇద్దరికీ తెలుసు, నాకూ తెలుసు. బావ ఆ రెండు ముక్కల్నీ కాసేపు చూశాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి కొలిమి మీద తానే పోశాడు.

"మిగతావి పట్నంలో కొనుక్కోండమ్మా. పళ్ళున్న కొడవళ్ళు వస్తున్నాయిగా, బాగానే కోస్తాయి."

అయినా కొందరు తేవడం మానలేదు. "తొందరేం లేదు, ఉంచు, చూసిపెట్టు" అని గోడవార పెట్టి వెళ్ళేవాళ్ళు. కోతకి కొత్తవి కొనుక్కుని, పాతవి ఆయన దగ్గర వదిలేవాళ్ళు. ఒక్కోదాన్ని తీసి ఆకురాయితో అరగంటేసి రుద్దేవాడు. చల్లటి ఇనుముకి చేయగలిగింది అంతే.

కోతలు సగం అయ్యాక ఒక సాయంత్రం నాతో, "పద బావా, ఒకసారి చూసొద్దాం" అన్నాడు.

మ్యూజియం మూసేవేళ దగ్గరపడింది. పట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబం కొలిమి గదిలో ఉంది. తండ్రి ఫలకం చదివి పిల్లకి చెబుతున్నాడు. పిల్ల దాగలి పల్లంలో చెయ్యి పెట్టి, "ఇక్కడ గుంట ఎందుకుంది నాన్నా?" అంది. తండ్రి ఫలకంలో వెతికాడు, అక్కడ లేదు. బావ నాకు చూపుతో చెప్పొద్దన్నాడు. తానే ముందుకొచ్చి, "కొట్టీ కొట్టీ పడుతుంది తల్లీ. ముగ్గురు మనుషులు జీవితాంతం కొడితే అంత పడుతుంది" అన్నాడు. ఆ ముగ్గురిలో మూడోవాడు ఎవరో చెప్పలేదు. వాళ్ళు థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు.

బావ తువ్వాలుతో దాగలి మీది దుమ్ము తుడిచి, గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. గది చల్లగా ఉంది. పై కంతల్లోంచి కోసిన చేల వాసన వస్తోంది.

"బావా, ఆ ఫారం మళ్ళీ రాయొచ్చేమో అడుగుతాను. కమిటీ కూర్చునేలోపు. ఊరు కొట్టేసి నీ పేరు రాస్తాను."

"రాస్తే గచ్చు లేస్తుందా?"

నేను గచ్చు మీద అరచెయ్యి పెట్టి చూశాను.

"నువ్వు తప్పేం రాయలేదు. ఊరిదే. ఊరి కొడవళ్ళే కదా దీనిమీద పడింది." చేతులు తిరగేసి చూసుకున్నాడు. "ఇది ఇక్కడుంది, నేనిక్కడున్నాను, పని ఒక్కటే లేదు. నాలుగు నెలలకి ఔనన్నా, వచ్చే ఏటికి ఈ భుజం ఎత్తగలనో లేదో. ఎవర్ననాలి చెప్పు? ఆ పిల్లననాలా, నిన్ననాలా? ఒక్కడైనా చెడ్డవాడు ఉంటే బాగుండేది బావా, తిట్టుకునేవాణ్ణి."

"నన్ను తిట్టు."

"నిన్ను తిడితే సాయంత్రం టీ ఎవడిస్తాడు?"

నవ్వబోయాడు. సగంలో ఆగిపోయింది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేద్దామనుకుని, అది నొప్పి భుజమని గుర్తొచ్చి, మోకాలి మీద వేశాను. ఆయన అభ్యంతరం పెట్టలేదు.

గుమ్మంలో తాళాల చప్పుడైంది. తాళాలమ్మ వచ్చి మమ్మల్ని చూసింది. మూసేవేళ దాటి అరగంట అయినట్టుంది. ఏమీ అనకుండా గుత్తిని చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళిపోయింది. ముందు అవతలి గదుల కిటికీలు ఒక్కొక్కటే వేసుకొచ్చింది. తర్వాత చీపురు తీసుకుని ఊడ్చిన వరండానే మళ్ళీ ఊడ్చింది. ఆమె మోకాళ్ళకి అది ఎంత కష్టమో నాకు తెలుసు. మాకు వినబడుతూనే ఉంది. గదిలో వెలుగు దాగలి మీంచి గోడకెక్కి, గోడ మీంచి పోయింది.

చాలాసేపటికి బావ నా భుజం ఆసరాగా లేచాడు. చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు. నేను వెనకే దిగాను. తాళాలమ్మ మేం దారి మలుపు దాకా వెళ్ళేవరకూ చీపురు పట్టుకుని నిలబడే ఉంది. తర్వాత లోపలికి వెళ్ళి, ఒక రెక్క తర్వాత ఒక రెక్క, నెమ్మదిగా తలుపు మూసింది.